మొరప్పూరు రైలు, అలిపిరి మెట్లు

ధర్మపురి జిల్లా పెరియంపట్టి వైపు తెలుగు ఇళ్లలో "కొండకు పోతున్నాం" అంటే ఏ కొండ అని ఎవరూ అడగరు. తీర్థమలై దగ్గరే ఉంది, వత్తల్‌మలై ఉంది. అయినా కొండంటే ఏడుకొండలే.

మాకు రైలు మొరప్పూరులో. 1906లో ధర్మపురి నుంచి అక్కడికి చిన్న రైలు ఉండేదట, తర్వాత ఆ పట్టాలు పీకేశారు. ఇప్పుడు బస్సే. మొరప్పూరు నుంచి జోలార్‌పేట మీదుగా కాట్పాడి, అక్కడ బండి మారితే చిత్తూరు, పాకాల, చంద్రగిరి, తిరుపతి.

2023 కార్తీకంలో అమ్మ మొక్కు తీర్చాలని బయలుదేరాం. ఆమెకు 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పి. మా పాపకు తొమ్మిది. కాట్పాడిలో నేను ఇడ్లీ పొట్లాలకు పోయి బండి తప్పించాను. మామూలుగా అయితే ఇది నవ్వుకునే సంగతే. కానీ ఆ ఆగస్టులో అలిపిరి దారిలో చిరుతపులి ఒక చిన్నారిని పొట్టన పెట్టుకుంది. ఆ రోజుల్లో మధ్యాహ్నం 2 దాటితే చిన్నపిల్లలను మెట్లెక్కనిచ్చేవారు కాదు. పాపను తొందరగా ఎక్కించాలి, అమ్మను తొందర పెట్టకూడదు!

పాదాల మండపం చేరేసరికి ఒంటిగంట. సామాను దేవస్థానం వారికి అప్పగించాం, వాళ్లే ఉచితంగా పైకి చేరుస్తారు.

మొత్తం 3,550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్లు. కష్టమంతా మొదట్లోనే. గాలిగోపురం దాకా 2,000 పైచిలుకు మెట్లు నిట్టనిలువు. అమ్మ పది మెట్లకోసారి కూర్చుంది. "బస్సులో రామ్మా" అన్నాను. "1944లో ఘాట్ రోడ్డు వేయకముందు మా అవ్వ నడిచే ఎక్కిందిరా, డోలీ కూడా ఎక్కలేదు" అంది. ఇక నేనేం మాట్లాడను?

గోపురం దాటాక దారి చదునుగా సాగుతుంది, జింకలు కనిపిస్తాయి. చీకటి పడేలోపు నడవాలని గుంపుతోనే కలిసి పోయాం. చివర్లో మళ్లీ మోకాళ్ల మిట్ట. చిన్ననాటి అన్నమయ్య అలసి పడుకుంటే అలమేలుమంగ ప్రసాదం పెట్టిందని చెప్పుకునే చోటు అదే. ఇంట్లో తెలుగు, బళ్లో తమిళం మా పాపకు. బోర్డు ముందు ఆగి "మో... కా... ళ్ల" అని కూడబలుక్కుంది.

"నా మోకాళ్ల పేరే పెట్టారా దీనికి?" అని అమ్మ అక్కడే కూలబడి నవ్వింది. ఆ తర్వాత పాప చెయ్యి పట్టుకుని లేచింది.