‘స్పీడ్ పెరిగిందా?’ కాదు.. ‘రూల్‌బుక్‌లో ఉందా?’

రేసు గెలిచాడు. అందరికన్నా ముందు గీత దాటాడు. ఆ తర్వాత జరిగిన తనిఖీలో గెలుపు చేజారింది. కారణం.. ఒక చిన్న స్ప్రింగ్!

2024 ఏప్రిల్ 13న ఇటలీలోని మిసానోలో జరిగిన ఫార్ములా-ఈ రేసు సంగతిది. పోర్షే డ్రైవర్ ఆంటోనియో ఫెలిక్స్ ద కోస్టా కారులో థ్రాటిల్ డ్యాంపర్‌కు వాడిన స్ప్రింగ్, తయారీ సంస్థ స్పార్క్ ఇచ్చిన అనుమతి భాగాల జాబితాలో లేదని తేలింది. దాంతో డిస్‌క్వాలిఫై చేశారు. విజయం నిస్సాన్ డ్రైవర్ ఆలివర్ రోలండ్‌కు దక్కింది. ఆ స్ప్రింగ్ వల్ల స్పీడ్ పెరిగిందని ఎవరూ తేల్చలేదు. లిస్టులో లేదు, అంతే.

అంతకు ఏడాది ముందు ఇదే ద కోస్టాకు మన హైదరాబాద్‌లో రూల్స్ కలిసొచ్చాయి. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగిన రేసులో సెబాస్టియన్ బుయేమి మూడో స్థానంలో గీత దాటాడు. అనుమతించిన దానికన్నా ఎక్కువ పవర్ వాడినట్టు తేలడంతో 17 సెకన్ల పెనాల్టీ పడింది. మూడో స్థానం ద కోస్టాకు వచ్చింది.

బీటెక్‌లోనో, డిప్లొమాలోనో ఉండి బాహా, సుప్రా, ఫార్ములా భారత్ లాంటి స్టూడెంట్ పోటీలకు కారు కడదామనుకునేవాళ్లు ఈ రెండు సంఘటనలూ గుర్తుపెట్టుకోవాలి. ఏడాది కష్టం, చందాలేసుకుని కూడబెట్టిన డబ్బు టెక్నికల్ ఇన్‌స్పెక్షన్ టేబుల్ దగ్గరే ఆగిపోవచ్చు మరి!

క్లాస్ అంటే ఏంటి?

సంక్రాంతికి గుడివాడలో ఎడ్ల బండలాగుడు పోటీలు చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, సీనియర్స్ అంటూ విభాగాలుంటాయి. నోరు తెరిపించి పళ్లు చూశాకే ఏ విభాగమో తేలుస్తారు. ఆరు పళ్ల గిత్త ఎంత బలమైనదైనా రెండు పళ్ల విభాగంలో దానికి చోటుండదు. గిత్తలో లోపమేమీ లేదు, అది ఆ విభాగానిది కాదు. రేసు కారు పార్ట్ కూడా అంతే. ఒక క్లాస్‌లో దర్జాగా వాడే పార్ట్ ఇంకో క్లాస్‌లో నేరం.

స్థూలంగా రూల్‌బుక్‌లు రెండు రకాలు. మొదటి రకంలో ‘వద్దు’ అని రాయనివన్నీ చేసుకోవచ్చు. ఇక్కడ కొత్త ఐడియాలకు చోటెక్కువ. రెండో రకంలో ‘చేయొచ్చు’ అని రాసినవి తప్ప ఏదీ ముట్టుకోకూడదు. అందరికీ ఒకే మోడల్ కారు ఇచ్చే రేసులు సాధారణంగా ఈ రెండో రకం. చాలా పోటీల్లో ఈ రెండూ కలిసే ఉంటాయి. ఏళ్లపాటు బాహాలో అన్ని జట్లకూ ఒకే బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ ఇంజిన్. దాన్ని మార్చడానికి వీల్లేదు. ఛాసిస్, సస్పెన్షన్ మాత్రం భద్రతా నిబంధనలకు లోబడి మీరే డిజైన్ చేసుకోవాలి. అందుకే ముందు మీ పార్ట్ ఏ రకం రూల్ కిందకు వస్తుందో చూసుకోండి.

20 మిల్లీమీటర్ల కథ

ఫార్ములా స్టూడెంట్ తరహా పోటీల్లో పెట్రోల్ కారుకు ఇంజిన్ 710 సీసీ వరకు ఉండొచ్చు. కానీ లోపలికి వెళ్లే గాలంతా 20 మి.మీ. వ్యాసమున్న రిస్ట్రిక్టర్ గుండానే పోవాలి. గాలిని బట్టే ఇంధనం, ఇంధనాన్ని బట్టే పవర్. రంధ్రం 20 ఉంటే చాలదు, దాని తర్వాత ఎక్కడా గాలి లోపలికి దూరకూడదు. ఆ రంధ్రం మూసేస్తే నడుస్తున్న ఇంజిన్ ఆగిపోవాలి. ఆగలేదంటే గాలి ఇంకో దారిన వస్తున్నట్టే కదా!

ఈ దారి వెతికి దొరికిపోయిన పెద్ద జట్టు టొయోటా. 1995లో స్పెయిన్‌లోని కాటలున్యా ర్యాలీలో సెలికా కారు టర్బో రిస్ట్రిక్టర్ దగ్గర రహస్య ఏర్పాటు బయటపడింది. కారుకు బిగించినప్పుడు గాలి పక్కదారిన వెళ్లేలా, విప్పి చూస్తే అంతా సక్రమంగా కనిపించేలా చేశారు. ఆ సీజన్ పాయింట్లన్నీ పోయాయి, ఏడాది నిషేధం పడింది. టొయోటాది కావాలని చేసిన మోసం, మిసానోలో లిస్టులో లేని స్ప్రింగ్. రెండూ ఒకటి కావు. అయినా తనిఖీలో మాత్రం రెండూ ఫెయిలే.

బిగించే ముందు నాలుగు ప్రశ్నలు

* మా క్లాస్ ఏది? చేతిలో ఉన్నది ఈ ఏడాది రూల్‌బుక్కేనా? సీనియర్లు ఇచ్చిన పాత పీడీఎఫ్‌ను నమ్మొద్దు.
* ఈ పార్ట్‌ను అనుమతించే, లేదా నిషేధించే రూల్ నంబర్ ఏది?
* కొలతను ఎలా చెక్ చేస్తారు? ఇంజిన్ వేడెక్కాక కూడా ఆ కొలత నిలుస్తుందా?
* అర్థం కాకపోతే నిర్వాహకులను రాతపూర్వకంగా అడిగామా? ‘పక్క టీమ్ పెట్టింది’ అన్నది జవాబు కాదు.

ట్రాక్ వేరు, రోడ్డు వేరు

ట్రాక్ మీద చెల్లింది బందరు రోడ్డు మీద చెల్లదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడం కుదరదు. అనుమతి లేని ఒక్కో మార్పుకు సెక్షన్ 182ఏ కింద రూ.5,000 జరిమానా, లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు.

ఉద్యోగానికి ఏం ఉపయోగం?

రూల్ చదివి, కొలిచి, కాగితం మీద నిరూపించే పనికి ఆటోమొబైల్ కంపెనీల్లో హోమోలోగేషన్, కంప్లయన్స్ అని పేర్లు. కొత్త వాహనం మార్కెట్‌లోకి రావాలంటే పుణెలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ లాంటి సంస్థల పరీక్షలు దాటాలి. బస్సు బాడీకి ఏఐఎస్-052 అనే ప్రత్యేక నిబంధనావళి ఉంది. మన కృష్ణా జిల్లా మల్లవల్లిలోనే అశోక్ లేలాండ్ బస్సుల ప్లాంట్ ఉంది. అవనిగడ్డ నుంచో, గుడ్లవల్లేరు నుంచో ఇంటర్వ్యూకు వెళ్లే మెకానికల్ విద్యార్థి ఏఐఎస్-052 ఒక్కసారి తిరగేసి వెళితే మాట్లాడటానికి సరుకు ఉంటుంది.

రెజ్యూమెలో ‘బాహాలో పాల్గొన్నాను’ అని రాసి వదిలేయకండి. ఏ పార్ట్ మార్చారు, ఏ రూల్ దాన్ని ఒప్పుకుంది, తనిఖీలో ఎలా నిరూపించారు.. ఈ మూడూ మూడు లైన్లలో రాయండి. ఇంటర్వ్యూలో ప్రశ్నలు అక్కడి నుంచే మొదలవుతాయి. వాటికి జవాబులు మీ దగ్గర ఉంటాయి.