స్ప్రే గన్‌ను వెంటనే ఎందుకు కడుగవలెను?

బీరువాలకు, మోటారు కార్లకు రంగు వేయు షాపులలో పని ముగియగానే, నేర్పరియైన పనివాడు తన చేతులకంటె ముందు స్ప్రే గన్‌ను కడుగును. ఇది వట్టి అలవాటు కాదు. దీని వెనుక కొంత భౌతికశాస్త్రము, కొంత రసాయనశాస్త్రము ఉన్నవి.

గన్ మూతి నడుమ రంగు వచ్చు సన్నని రంధ్రము కలదు. దీని వ్యాసము సాధారణముగా 1 నుండి 2 మిల్లీమీటర్లు. మీట నొక్కినపుడు ఇందలి సూది వెనుకకు జరిగి రంగునకు దారి ఇచ్చును. కంప్రెసర్ నుండి రంధ్రము చుట్టు వేగముగా వెలువడు గాలి ఆ రంగును తుంపరలుగా చీల్చును. మూతికి ఇరుప్రక్కలనున్న కొమ్ముల గాలి ఆ తుంపరను విసనకర్ర వలె పరచును. ఒక కొమ్ము రంధ్రము పూడినచో గాలి ఒక వైపునుండియే నెట్టును. అందుచే రంగు పట్టీ చంద్రవంక వలె వంగును. అప్పుడు గాలిమూతను సగము చుట్టు త్రిప్పి చూడవలెను. వంపు కూడ తిరిగినచో దోషము గాలిమూతలో ఉన్నది. తిరుగనిచో రంగు రంధ్రములో ఉన్నది.

రంగులన్నియు ఒకే విధముగా ఆరవు. డ్యూకో అను పేర ప్రసిద్ధమైన నైట్రోసెల్యులోజ్ లాకర్‌లో ద్రావకము ఆవిరియై పోవును, అంతే. ఎండిన పిదప కూడ అది థిన్నర్‌లో కరుగును. ఎనామెల్ అట్లు కాదు. దానిలోని నూనె గాలిలోని ఆక్సిజనుతో చర్య జరుపగా, అణువులు పెనవేసికొని వలగా ఏర్పడును. ఈ వల టర్పెంటైనులో మరల కరుగదు. రెండు డబ్బాలు కలిపి వాడు ఎపాక్సీ రంగు గాలి సోకకున్నను గన్ లోపలనే గట్టిపడును. ఎండిన ఉప్పు నీటిలో మరల కరుగును. ఉడికిన గ్రుడ్డు తెల్లసొన మరల పూర్వస్థితికి రాదు. తేడా ఇదియే.

కనుక రంగు పచ్చిగా ఉండగనే తగిన ద్రావకముతో కడుగవలెను: లాకర్‌కు దాని థిన్నర్, ఎనామెల్‌కు మినరల్ టర్పెంటైన్, ఎమల్షన్‌కు నీరు. మూతిని విప్పి మెత్తని బ్రష్‌తో తోమవలెను. గుండుసూదితో పొడిచినచో రంధ్రము గీతలుపడి తుంపర వంకరపోవును. గన్‌ను ద్రావకములో నానబెట్టరాదు. వాషర్లు చెడును, కందెన కొట్టుకొనిపోవును.

గాలి లేక, కేవలము పంపు ఒత్తిడితో రంగు చిమ్ము యంత్రముల విషయమున మరింత జాగ్రత్త అవసరము. వీటిలో ఒత్తిడి వాతావరణ పీడనమునకు సుమారు 200 రెట్లు ఉండవచ్చును. మూతి పూడినదని వ్రేలితో తుడువబోయినచో ధార చర్మమును చీల్చి లోనికి దూరును. గాయము సూది గ్రుచ్చినంతయే కనిపించును. నొప్పియు మొదట స్వల్పమే. కాని రంగు లోపల వ్యాపించుటచే వ్రేలు తీసివేయవలసి రావచ్చును. అట్టి గాయమునకు ఇంటి వైద్యము పనికిరాదు. తక్షణమే ఆసుపత్రికి పోయి, ఏ రంగు లోనికి పోయినదో వైద్యునికి చెప్పవలెను. అందుచే మోటారు ఆపి, ఒత్తిడి విడిచి, మీటకు తాళము వేసిన పిదపనే మూతిని తాకవలెను.

ద్రావకపు ఆవిరి సులభముగా మండును. కడుగుచోట దీపము, బీడీ ఉండరాదు. వాడిన ద్రావకమును కాలువలో పోయక మూతగల డబ్బాలో నిలువ ఉంచినచో, కొన్ని దినములకు రంగుపొడి అడుగున చేరును. పైతేట మరునాటి తొలి కడుగుటకు పనికివచ్చును.