వినిపించని ఒక్క మాట

బీర్కూరు చెంత ప్రవహించే మంజీర ఉత్తరాభిముఖంగా సాగి కందకుర్తి వద్ద గోదావరిలో కలుస్తుంది. నదికి కొంత ఎడంగా బోధన్ పట్టణం ఉన్నది. లక్కయింటి నుండి తప్పించుకొన్న పాండవులు బ్రాహ్మణవేషాలతో తలదాచుకొన్న ఏకచక్రపురం ఇదేనని ఆ ప్రాంతీయుల విశ్వాసం. సంగమం నుండి గోదావరి వెంట దిగువకు పోతే బాసర. వ్యాసమహర్షి అక్కడ తపస్సు చేసినాడని స్థలపురాణం చెబుతుంది. చరిత్రకారుల తూనికకు ఇవి నిలుస్తాయా లేదా అన్నది వేరు మాట. ఈ సీమవారికి మాత్రం భారతం ఎక్కడో హస్తినలో జరిగిపోయిన కథ కాదు, ఇరుగుపొరుగు ఊళ్ల కథ.

ఆ కథను తిరిగి చెప్పే అలవాటు కూడా ఇక్కడ పాతదే. బోధన్‌తో పూర్వసంబంధం గల వేములవాడ చాళుక్యుల ఆస్థానంలో, 941లో, పంపకవి కన్నడ భాషలో విక్రమార్జునవిజయం రచించినాడు. తన ప్రభువైన అరికేసరిని అర్జునునితో అభేదంగా భావించిన ఆ కవి, ద్రౌపదిని అర్జునునికి మాత్రమే ఇల్లాలిగా నిలిపినాడు. వ్యాసుని కథను అంతగా మార్చినందుకు ఎవరూ ఆయనను కవుల పంక్తి నుండి లేపివేయలేదు. కనుక 2024 జూన్ 27న విడుదలైన ‘కల్కి 2898 ఏడీ’ చిత్రంలో అశ్వత్థామ కలియుగాంతపు కాశీనగరంలో ప్రత్యక్షమైనాడంటే ఆశ్చర్యపడవలసిన పని లేదు.

తెలుగు తెరమీద వైజ్ఞానిక కల్పన కొత్తది కాదు. 1991లో సింగీతం శ్రీనివాసరావు ‘ఆదిత్య 369’లో కాలయంత్రం ఎక్కించి ప్రేక్షకులను కృష్ణదేవరాయల కొలువుకు తీసుకొనిపోయినాడు. నాగ్ అశ్విన్ చిత్రం మరింత వెనుకకు పోయి కురుక్షేత్రంలో ప్రారంభమవుతుంది. ఉత్తర గర్భంలోని శిశువు మీద అస్త్రం వేసిన అశ్వత్థామను శ్రీకృష్ణుడు శపిస్తాడు. పిమ్మట ఆరువేల సంవత్సరాలు గడచిపోతాయి. కాశీ ఎండిపోయి ఉంటుంది. ఆకాశంలో తలక్రిందులైన గోపురం వలె ‘కాంప్లెక్స్’ వ్రేలాడుతూ ఉంటుంది. అక్కడి నుండి పారిపోయి వచ్చిన సుమతి అనే గర్భవతికి ఆ వృద్ధవీరుడు అడ్డుగా నిలుస్తాడు. ఒక గర్భాన్ని కాల్చబూనిన చెయ్యి మరొక గర్భాన్ని కాపాడవలసి వచ్చినది.

ఈ కల్పన గొప్పది. అయితే చిత్రం శాపంతో మొదలవుతున్నది. కథ శాపంతో మొదలు కాలేదు. ఒక అబద్ధంతో మొదలైనది.

యుద్ధంలో పదునైదవ దినం. సేనాపతి అయిన ద్రోణుడు పాంచాల సేనను చీల్చి చెండాడుతున్నాడు. చేతిలో విల్లు ఉన్నంతవరకు ఆయన గెలువరానివాడని, కొడుకు మరణించినాడని వింటే ఆయుధం వదలుతాడని శ్రీకృష్ణుడు ఉపాయం చెప్పినాడు. అర్జునునికి అది రుచింపలేదు. ధర్మరాజు అతికష్టం మీద ఒప్పుకొన్నాడు. భీముడు అశ్వత్థామ అనే పేరుగల ఏనుగును చంపి, అశ్వత్థామ చచ్చినాడని కేక వేసినాడు. ద్రోణుడు నమ్మలేదు. భీముని మాట ఆయనకు చాలదు. ముల్లోకాల రాజ్యమిచ్చినా ధర్మజుడు అసత్యమాడడని ఎరిగినవాడు గనుక అతనినే అడిగినాడు. శిష్యుడు ‘అశ్వత్థామ చనిపోయినాడు’ అన్నంత వరకు గట్టిగా చెప్పి, ‘ఏనుగు’ అన్న మాటను అస్పష్టంగా గొణిగినాడు. అంతదాక భూమికి నాలుగంగుళాల ఎత్తున నిలిచే అతని రథం ఆ క్షణాన నేలను తాకినది. గురువు అస్త్రసన్యాసం చేసి యోగంలో కూర్చుండగా ధృష్టద్యుమ్నుడు ఆయన శిరస్సు ఖండించినాడు.

ఉపాధ్యాయులు ఈ ఘట్టాన్ని పాఠంగా చెప్పేటప్పుడు ఒక సంగతిని గమనింపక తప్పదు. ఇక్కడ గురువును చంపినది ఖడ్గం కాదు; ఒక విద్యార్థి సత్యసంధత మీద ఆయనకు గల గురి. వంచనకు పనిముట్టుగా ఉపయోగపడినది ఆ విశ్వాసమే.

ఆదిపర్వంలో ద్రోణుడు తన పేదరికాన్ని భీష్మునికి చెప్పుకొనే చోటు ఒకటి ఉన్నది. ధనికుల బిడ్డలు పాలు త్రాగడం చూచి బాలుడైన అశ్వత్థామ పాలకై ఏడ్చినాడు. తోటి పిల్లలు పిండి కలిపిన నీళ్లు ఇచ్చి పాలని మభ్యపెట్టినారు. పాలు త్రాగినానని ఆ పసివాడు గంతులు వేస్తుంటే చూడలేక తండ్రి ద్రుపదుని ఇంటికి యాచనకు పోయినాడు. ఆ అవమానం నుండే తరువాతి వైరమంతా పుట్టినది. కొడుకును మోసగించిన పిండినీళ్లు, తండ్రిని మోసగించిన ఏనుగు చావు – ఈ రెండింటి నడుమ ఆ కుటుంబ చరిత్ర అంతా ఇమిడిపోయినది.

వ్యాసుడు కూడా ఈ తప్పును అక్కడితో విడిచిపెట్టలేదు. స్వర్గారోహణపర్వంలో ధర్మరాజుకు కొంతసేపు నరకం చూపబడుతుంది. ద్రోణుని నెపంతో వంచించినందుకు నెపంతోనే నరకం చూపినామని ఇంద్రుడు చెబుతాడు. పదునైదు పర్వాలను తెలుగు చేసిన తిక్కనసోమయాజి ద్రోణపర్వం నుండి ఈ చివరి లెక్క దాకా తానే నడచివచ్చినాడు.

తరువాతివారి దృష్టి కొడుకు వైపు మళ్లినది. భట్టనారాయణుని వేణీసంహారం తృతీయాంకంలో అశ్వత్థామ తండ్రి మరణవార్తను సారథి నోట వింటాడు. తన చావు కబురే తన తండ్రిని చంపినదని తెలిసిన కొడుకు స్థితి ఎటువంటిదో నాటకశాలలో కూర్చున్నవారికి అప్పుడు బోధపడుతుంది. వడ్డాది సుబ్బారాయుడు తెనిగించిన ఈ నాటకం ఒకప్పుడు తెలుగు రంగస్థలం మీద విశేషంగా ఆడినది.

జనవాక్యం ఇంకొక దారి పట్టినది. ధర్మరాజు ‘కుంజరః’ అని స్పష్టంగానే అన్నాడట. ఆ క్షణాన శ్రీకృష్ణుడు శంఖం పూరించగా ఆ మాట మునిగిపోయినదట. చెప్పుకొనడానికి ఇది ఇంపుగా ఉంటుంది. మూలంలో ఈ శంఖం లేదు. పైగా ఇది కథను లోతు చేయడం లేదు, తేలిక చేస్తున్నది. గొణిగినవాని బరువును ఊదినవాని మీదికి నెట్టివేసే ఈ మార్పు, ఎంత భక్తితో చేసినదైనా, బలహీనమైనదే.

పోతన చేసిన పని వేరు. సౌప్తికపర్వంలో, రాత్రివేళ నిద్రలో తన బిడ్డలను కోల్పోయిన ద్రౌపది ప్రాయోపవేశానికి కూర్చుండి ఆ హంతకుని శిరోమణిని తెమ్మంటుంది. భాగవత ప్రథమస్కంధంలో అర్జునుడు అశ్వత్థామను పశువును వలె కట్టి తెస్తే, ఆమె గురుపుత్రునికి నమస్కరించి, విడిచిపెట్టండి అంటుంది. నావలె అతని తల్లి ఏడువరాదు అన్నదే ఆమె వాదం. సంస్కృతంలో క్లుప్తంగా ఉన్న ఈ సన్నివేశాన్ని బమ్మెర పోతన విస్తరించినాడు. నీకు ఏ అపకారమూ చేయక, చీకటిలో ఆదమరచి నిద్రించిన పసివారిని చంపడానికి చేతులెట్లా వచ్చినవని ఆమె చేత నిలదీయించి, ఆ మీదనే క్షమింపజేసినాడు. క్షమకు ముందు నిందను పెట్టడం వల్ల ఆ క్షమ చౌకబారినది కాలేదు.

ఆ మాటలు పలుకుతున్నది ఎవరు? అబద్ధమాడిన ధర్మరాజు భార్య. ఎవరిని తలచుకొని? ఆ అబద్ధం వల్ల వైధవ్యం పొందిన కృపిని. అశ్వత్థామ మరణించినాడన్న వార్త ఆనాడు బొంకు. ఈనాడు కత్తి దింపితే అది నిజమైపోతుంది. ద్రౌపది దానిని నిజం కానివ్వలేదు.

ఆమె మాత్రమే కాదు, ఆ తరువాత ఏ కథకుడూ కానివ్వలేదు. చచ్చినాడని చాటబడినవాడే చావు లేనివాడైనాడు. పుట్టినరోజున పెద్దలు స్మరించే సప్తచిరంజీవుల పేర్లలో మొదటిది అతనిదే. పసిబిడ్డలను చంపినవాని పేరు పసిబిడ్డలకు ఆయుష్షు కోరే వేళ పలుకుతారు. మధ్యప్రదేశ్‌లోని బుర్హాన్‌పూర్ దగ్గర అసీర్‌గఢ్ కోటలో శివాలయానికి అతడు వచ్చి పూలు పెట్టిపోతాడని అక్కడివారు ఇప్పటికీ చెప్పుకొంటారు.

నాగ్ అశ్విన్ ఈ వరుసలోనివాడే. అమితాబ్ బచ్చన్ ధరించిన అశ్వత్థామలో పశ్చాత్తాపం మాటలకంటె నిలకడలో ఎక్కువ కనిపిస్తుంది. అది నటుని ప్రజ్ఞ. వాహనాలు, యుద్ధయంత్రాలు ఆ మౌనాన్ని చాలాచోట్ల త్రొక్కివేసిన మాట వాస్తవం. అయినా చిత్రంలో మనసున నిలిచేది యంత్రాలు కాదు, గుడి చీకటిలో కూర్చున్న ఆ ముసలివాడే. శాపాన్ని కర్తవ్యంగా మార్చడంలో దర్శకుడు మూలానికి లేని ఒక తలుపు తెరచినాడు. ద్రోణపర్వం చదివిన విద్యార్థికి ఆ తలుపు వెనుక అతని తండ్రి కూడా కనిపిస్తాడు. చదువని వానికి ఒక పశ్చాత్తప్త హంతకుడు మాత్రమే కనిపిస్తాడు.

సంవత్సరాల లెక్కలో ఒక చిక్కు ఉన్నది. సౌప్తికపర్వంలో శాపకాలం మూడువేల సంవత్సరాలే. కలియుగారంభం క్రీ.పూ. 3102 అని పంచాంగకర్తల గణన. ఆ గణన ప్రకారం అశ్వత్థామ శిక్ష శాతవాహనుల నాటికే తీరిపోవలెను. చిత్రం దానిని రెట్టింపు చేసి 2898 దాకా సాగదీసినది. అసీర్‌గఢ్‌వారు ఏ లెక్కా వేయలేదు. వారి కోట గుడిలో పూలు ఇంకా తాజాగానే ఉంటున్నవట.