తిరస్కరణ తరువాతి దరఖాస్తు

ఉదయగిరి దుర్గమును శ్రీకృష్ణదేవరాయలు ఏడాదిన్నర ముట్టడించి, 1514లో గజపతుల నుండి గెలిచెను. మనిషి వెనుక మనిషి మాత్రమే నడువగల ఇరుకుదారి తప్ప పైకి మార్గము లేకపోగా, ఆయన బండలు పగులగొట్టించి వెడల్పైన బాటలు వేయించెనని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ వ్రాసెను.

ఆ కొండ నీడలోని ఇండ్లలో నేడు మరియొక రకపు నిరీక్షణ కలదు. పెండ్లియైన కొలది దినములకే భర్త అమెరికాకు మరలిపోవును. భార్య బస్సెక్కి, ఆత్మకూరు మీదుగా నెల్లూరు చేరి, అటనుండి చెన్నపట్టణమునకో హైదరాబాదునకో వీసాకై పోవును. కిటికీ వద్ద నాలుగు ప్రశ్నలు, చేతికొక కాగితము, వీసా లేదు. తిరుగు బస్సు ఆత్మకూరు దాటకముందే బంధువుల పరామర్శలు మొదలగును. “ఏమ్మా, ఏమన్నారు?” అను ప్రశ్నకు ఆమె వద్ద సమాధానముండదు.

సమాధానము ఆ కాగితములోనే ఉన్నది. దానిని దాచరాదు, చదువవలెను. 221(జి) అని ఉన్నచో పత్రములు చాలలేదనియో, విచారణ మిగిలియున్నదనియో అర్థము. అడిగిన పత్రములను ఏడాదిలోపుగా అందజేసినచో క్రొత్త రుసుము అక్కరలేదు. విద్యార్థుల భార్యలకు తరచు ఎదురగు 214(బి) వేరు. స్వదేశమునకు తిరిగి వత్తురను నమ్మకము కుదరలేదని దాని భావము. దానిపై అప్పీలు లేదు. మరల దరఖాస్తు చేయవచ్చును గాని, రుసుమును సంభాషణయు క్రొత్తవి. పరిస్థితిలో మార్పేమియు చూపలేనిచో ఫలితము కూడ పాతదే కావచ్చును. భర్త ఉద్యోగానుమతియే రద్దయినచో భార్య వీసాకు ఆధారము పోవును. ముందు చక్కబడవలసినది అతని వ్యవహారము.

ఈ దశలోనే ఒక దళారి వచ్చి, “మునుపు తిరస్కరించిరా?” అను ప్రశ్నకు “లేదు” అని వ్రాయుమనును. అది మహాపద. మొదటి తిరస్కరణ కాన్సులేటు లెక్కలలో ఉండనే ఉన్నది. తెలిసి చెప్పిన అబద్ధము ఆమెను జీవితాంతము అనర్హురాలిని చేయవచ్చును. నిజము చెప్పినచో పోవునది ఒక రుసుము, కొంత కాలము.

ఉపాధ్యాయులకు ఇందులో ఒక పని కలదు. బడి రిజిస్టరులో ఇంటిపేరు పొడి అక్షరముగాను, పాస్‌పోర్టులో పూర్తిగాను, వివాహ ధ్రువపత్రములో ఇంకొక వర్ణక్రమముతోను ఉన్నచో, ఆమె ఒక్కతెయే అని రుజువు చేయుట కష్టమగును. చేర్చుకొను దినముననే పేరు సరిగా వ్రాయుడు. 2002 నాటి చట్టము వివాహ నమోదును తప్పనిసరి చేసినదని పెద్ద తరగతుల పిల్లలకు చెప్పుడు. ఊరి కోడలు ఆ కాగితము తెచ్చినచో, చదివి అర్థము విప్పి చెప్పుడు. ఏ బండ అడ్డుగా ఉన్నదో తెలిసిన పిమ్మటనే గదా బాట వేయగలము!