టవర్ ఎక్కడ పెడితే పిన్ని ఫోన్ మోగుతుంది?

మా ఊరొచ్చి ‘సిగ్నల్ బండ ఎక్కడ?’ అని అడగండి. బడికెళ్లే పిల్లాడైనా వేలెత్తి చూపిస్తాడు. పాడేరు వైపు కొండల్లో, చుట్టూ అడ్డుగోడల్లాంటి కొండలున్న గిన్నెలాంటి లోయ మాది. ఫోన్ మాట్లాడాలంటే ముప్పావు గంట ఎక్కి ఆ బండ మీద నిలబడాలి. ఒక మూల నిలబడితే రెండు గీతలు, రెండడుగులు అటు జరిగితే సున్నా. మా చెల్లి ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌కి వెబ్ ఆప్షన్లు పెట్టుకుంది అక్కడే. వానలో నేను గొడుగు పట్టుకుంటే, తను ఓటీపీ కోసం ఫోన్‌ను ఆకాశానికి చూపిస్తూ కూర్చుంది.

అలాంటి ఊరికి టవర్ వస్తోందని కబురొస్తే ఎలా ఉంటుంది? పండగే! రెండు చోట్లు చూస్తున్నారన్నారు. ఒకటి రోడ్డు పక్కన మా పొలం. రెండోది ఊరికి ఎదురుగా ఉన్న మెట్ట. ఆ మెట్ట మాకు మావయ్య వరసయ్యే ఆయనది. గట్టు తగువుతో మా రెండిళ్లకీ మూడేళ్లుగా మాటల్లేవు. మా పొలంలో పెడితే నెలనెలా అద్దె వస్తుంది. నాన్న అప్పుడే ఇంటి పైకప్పు మార్పించే లెక్కలు మొదలుపెట్టేశాడు.

దసరా సెలవులకు గెడ్డ అవతల పిన్ని వాళ్లింటికెళ్లాను. అంతకు ముందు వానాకాలంలో పిన్ని కొడుక్కి అర్ధరాత్రి జ్వరం ఎక్కువై ఫిట్స్ వచ్చాయి. 108కి ఫోన్ చేయడానికి బాబాయి చీకట్లో కొండెక్కితే, మిగతావాళ్లు పిల్లాణ్ని డోలీలో రోడ్డుదాకా మోసుకొచ్చారు. దేవుడి దయవల్ల బతికాడు. పిన్ని నాకు అంబలి పోస్తూ ఒకే మాట అడిగింది: “మీ పొలంలో టవరెడితే మా ఇంటికాడ ఫోను మోగుద్దేట్రా?”

‘మోగుతుంది పిన్నీ’ అనబోయి ఆగిపోయాను. నిజంగా నాకు తెలీదు. విశాఖలో డిగ్రీ చదువుతున్నా, జాగ్రఫీ నా సబ్జెక్ట్. అయినా తెలీదు. సిగ్గేసింది.

కొండ ఏం చూస్తుంది?

హాస్టల్‌కి తిరిగొచ్చాక మా సీనియర్ అన్నను అడిగాను. “దానికి వ్యూషెడ్ అని ఒక లెక్క ఉంది తమ్ముడూ. ఒక చోట నిలబడితే చుట్టూ ఏ నేల కనిపిస్తుందో, ఏది కొండ చాటున పడుతుందో మ్యాప్ గీసిస్తుంది. క్యూజీఐఎస్‌లో ఫ్రీగా చేసుకోవచ్చు” అన్నాడు.

క్యూజీఐఎస్ అంటే ఓపెన్ సోర్స్ మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్. 2002లో గ్యారీ షెర్మన్ అనే ఆయన మొదలుపెట్టాడు. ఇప్పుడు ప్రపంచమంతా వాడుతోంది. లైసెన్స్ డబ్బులు లేవు, క్రాక్ వెర్షన్ల గొడవ లేదు. ఒక్కటే చిక్కు, దీనికి ఫోన్ చాలదు, కంప్యూటర్ కావాలి. విండోస్, మ్యాక్, లైనక్స్ ఏదైనా సరే. డౌన్‌లోడ్ పేజీలో ‘లాంగ్ టర్మ్’ అని రాసి ఉన్న వెర్షన్ తీసుకోండి. కొత్త హంగులు కాస్త తక్కువైనా స్థిరంగా పనిచేస్తుంది. ఫైలు పెద్దది. నేను కాలేజీ వైఫైలో పెట్టి టిఫిన్‌కి వెళ్లిపోయా.

తర్వాత ప్లగిన్ వేసుకోవాలి. పైన మెనూలో ‘ప్లగిన్స్’ నొక్కి, అందులో ‘మేనేజ్ అండ్ ఇన్‌స్టాల్ ప్లగిన్స్’ తెరవండి. వెతికే డబ్బాలో ‘విజిబిలిటీ అనాలిసిస్’ అని కొట్టి, ‘ఇన్‌స్టాల్ ప్లగిన్’ నొక్కండి. అర నిమిషం పని. దీన్ని రాసింది జోరాన్ చుచ్కోవిచ్ అనే పురావస్తు పరిశోధకుడు. పాత కోటలు, దిబ్బలు ఒకదానికొకటి కనిపించేవా అని చూసుకోవడానికి ఆ రంగంలో ఇలాంటి లెక్కలు బాగా వాడతారు. మనకేమో టవర్ గోల!

ఇక్కడే నాకు మొదటి దెబ్బ తగిలింది. ఇన్‌స్టాల్ అయిందని పచ్చగా చూపించింది. మెనూలు అన్నీ వెతికినా ఎక్కడా కనపడదే! తీసేసి మళ్లీ వేశా. అయినా లేదు. గంటసేపు జుట్టు పీక్కున్నాక తెలిసింది, అది మెనూల్లో ఉండదు, ‘ప్రాసెసింగ్ టూల్‌బాక్స్’లో ఉంటుంది. కంట్రోల్, ఆల్ట్, టీ మూడూ కలిపి నొక్కితే కుడిపక్కన ఆ పెట్టె తెరుచుకుంటుంది. అసలు ఆ పెట్టే లేకపోతే, ప్లగిన్ల జాబితాలో ‘ప్రాసెసింగ్’ పక్కన టిక్ ఉందో లేదో చూడండి.

2000లో కొలిచిన కొండలు

ప్లగిన్ ఒక్కటే ఏం చేస్తుంది, దానికి కొండల ఎత్తులు తెలియాలిగా. ఆ లెక్కల ఫైలును డీఈఎం అంటారు. నేలను చిన్న చిన్న గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడికి సముద్రమట్టం నుంచి ఎంత ఎత్తో రాసిపెట్టిన పట్టిక అనుకోండి. నేను వాడింది ఎస్‌ఆర్‌టీఎం. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ అనే స్పేస్ షటిల్ 11 రోజులపాటు రాడార్‌తో భూమిని కొలిచి తెచ్చిన లెక్కలివి. ఒక్కో గడి సుమారు 30 మీటర్లు. ఉచితంగా దొరుకుతుంది. మన ఇస్రో కార్టోశాట్-1 ఉపగ్రహం నుంచి తయారుచేసిన కార్టోడెమ్ కూడా భువన్ పోర్టల్‌లో ఉంది.

రెండో దెబ్బ ఇక్కడ. ఆ ఫైలు వచ్చేది అక్షాంశ రేఖాంశాల డిగ్రీల్లో. ప్లగిన్‌కి కావాల్సింది మీటర్లు. మార్చకుండా నడిపితే పని కాదు. ‘రాస్టర్’ మెనూలో ‘ప్రొజెక్షన్స్’, అందులో ‘వార్ప్’ తెరిచి, మీ ప్రాంతానికి సరిపోయే కోడ్ ఇవ్వాలి. రేఖాంశం 78 నుంచి 84 డిగ్రీల మధ్య ఉంటే ఈపీఎస్‌జీ 32644. హైదరాబాద్, విజయవాడ, విశాఖ, పాడేరు అన్నీ ఇందులోకే వస్తాయి. అనంతపురం వాళ్లు మాత్రం 32643 ఇవ్వాలి. టవర్ స్థలాల చుక్కలు కూడా అదే కోడ్‌లో ఉండాలి, మరిచిపోకండి.

అసలు పని రెండే అడుగులు. ముందు టూల్‌బాక్స్‌లో ‘క్రియేట్ వ్యూపాయింట్స్’ తెరిచి చుక్కల ఫైలు, డీఈఎం ఇవ్వాలి. అక్కడే మూడు అంకెలు అడుగుతుంది. ఎంత దూరం వరకు చూడాలి, చూసే కన్ను ఎంత ఎత్తులో ఉంది, అవతల వస్తువు ఎంత ఎత్తులో ఉంది. మామూలుగా 5000 మీటర్ల దూరం, 1.6 మీటర్ల ఎత్తు పెట్టి ఉంటాయి. 1.6 అంటే మనిషి కంటి ఎత్తు. నేను టవర్ కోసం 40, అవతల ఫోన్ పట్టుకున్న చేతి కోసం 1.5 ఇచ్చా. తర్వాత ‘వ్యూషెడ్’ తెరిచి, ఇప్పుడు తయారైన ఫైలు ఇచ్చి ‘రన్’ కొట్టడమే. రెండు స్థలాలకూ విడివిడిగా చేశా.

అందులోనే భూమి వంపును లెక్కలోకి తీసుకోమనే టిక్ ఒకటుంటుంది. భూమి గుండ్రం కదా, 10 కిలోమీటర్ల దూరంలో నేల దాదాపు 8 మీటర్లు కిందికి జారిపోతుంది. గాలి కాంతిని కాస్త వంచి అందులో కొంత తిరిగిస్తుంది. మా లోయ నాలుగు కిలోమీటర్లే కాబట్టి పెద్ద తేడా రాలేదు. మీరు దూరపు కొండలు చూస్తుంటే మాత్రం ఆ టిక్ తప్పనిసరి.

మ్యాప్ చెప్పిన మాట

కనిపించే గడికి 1, కనిపించనిదానికి 0. ఒకటికి పచ్చరంగు వేసుకుని చూశా. మా పొలంలో టవర్ పెడితే మా ఊరంతా పచ్చగా ఉంది, రోడ్డు పచ్చగా ఉంది. గెడ్డ దగ్గర మాత్రం కొండ మొన ఒకటి అడ్డంగా నిలబడింది. దాని అవతల పిన్ని వాళ్లూరు మొత్తం నలుపు. పై ఊరు కూడా నలుపే. ఎదుటి మెట్ట మీద పెడితే? మా ఊరు పచ్చన, పిన్ని వాళ్లూరు పచ్చన, పై ఊళ్లో సగం పచ్చన.

ఎత్తు 40 బదులు 50 పెట్టి చూశా. 60 పెట్టా. నిజం చెప్పాలంటే, మా పొలం గెలవాలనే పెట్టా. గెడ్డవతల నలుపు కదల్లేదు.

సంక్రాంతికి ల్యాప్‌టాప్ పట్టుకుని ఇంటికెళ్లా. అన్నాలయ్యాక నాన్నకు చూపించా. చాలాసేపు మాట్లాడలేదు. “అంటే ఆళ్ల మెట్టే మంచిదంటావు” అన్నాడు చివరికి. అమ్మ గిన్నెలు కాస్త గట్టిగానే సర్దింది. “కంప్యూటరు సెప్పిందంతా నిజమేనేటి? అది మన కొండలెక్కిందా?” అంది.

కోపంతో అన్నా, ఆ ప్రశ్నలో న్యాయముంది. అందుకే పరీక్ష పెడదామన్నా.

టార్చి పరీక్ష

ఇది నా సొంత తెలివేమీ కాదు. 1802లో విలియం లాంబ్టన్ మద్రాసులోని సెయింట్ థామస్ మౌంట్ దగ్గర మొదలుపెట్టిన పెద్ద సర్వే మొత్తం ఇలాంటి చూపు మీదే నడిచింది. ఒక కొండ మీంచి ఇంకో కొండ కనిపిస్తేనే కోణం కొలవగలరు. ఆయన తర్వాత ఆ పని చేపట్టిన జార్జ్ ఎవరెస్ట్ రాత్రిపూట దీపాలు పెట్టించి కొలిచేవాడు. మాకు దీపాలెందుకు, పెద్ద టార్చీలున్నాయి.

చేతిలో టార్చికి 40 మీటర్ల ఎత్తు ఉండదు కాబట్టి, మెట్ట మీద మనిషి ఎత్తు 1.6తో మ్యాప్ మళ్లీ తీశా. అప్పుడు కూడా మా ఊరు, పిన్ని వాళ్లూరు పచ్చగానే ఉన్నాయి, పై ఊరు పూర్తిగా నల్లబడింది. ఫోన్లు పనిచేయవు కాబట్టి ముందే కబురు పెట్టాం. రాత్రి ఎనిమిదింటికి మేం వెలిగిస్తాం, కనిపిస్తే మూడుసార్లు వెలిగించి ఆర్పండి. మనకు వాళ్లు కనిపిస్తే, వాళ్లకు మనమూ కనిపిస్తాం.

మెట్ట ఎక్కాలంటే మావయ్యను అడగాలి. నేను వెళ్లబోతుంటే నాన్నే లేచాడు. వాళ్ల గుమ్మం ముందు ఏం మాట్లాడుకున్నారో నాకు తెలీదు. పది నిమిషాలకు ఇద్దరూ చెరో టార్చితో వచ్చారు.

ఎనిమిదింటికి వెలిగించాం. మా ఊర్నుంచి మూడుసార్లు మెరిసింది. పై ఊరు చీకటి, మ్యాప్ చెప్పినట్టే. పిన్ని వాళ్లూరు కూడా చీకటి! నా గుండె జారింది. ఐదు నిమిషాలు. పది నిమిషాలు. అమ్మన్న మాటే చెవిలో మోగుతోంది. అంతలో ఊరికి కాస్త పైగా, చింతచెట్టు ఉన్నచోట ఒకటి... రెండు... మూడు!

మర్నాడు వెళ్తే సంగతి తెలిసింది. ఊరి ముందున్న కాఫీ తోటలో సిల్వర్ ఓక్ చెట్లు ఏపుగా పెరిగి చూపుకు అడ్డొస్తున్నాయి. ఆ చెట్లు వేసింది 2000 తర్వాతే. రాడార్ కొలిచినప్పుడు అవి లేవు, మ్యాప్‌కి తెలీదు. బాబాయి ఇంటి ముంగిట వెలుగు కనపడక, యాభై అడుగులు పైకెక్కి చూశాడట.

కాబట్టి మీకూ అదే చెబుతున్నా. ఈ మ్యాప్ చూపు మ్యాప్ మాత్రమే, సిగ్నల్ మ్యాప్ కాదు. రేడియో తరంగాలు కొండ అంచు దగ్గర కొంచెం వంగి లోపలికి రాగలవు. ఆకుల గుబురు వాటిని బలహీనపరచగలదు. 30 మీటర్ల గడిలో చిన్న బండలు, గట్లు కలిసిపోతాయి. రెండు చోట్లలో ఏది మేలో తేల్చడానికి ఇది బాగా పనికొస్తుంది. ‘ఫలానా ఇంట్లో నాలుగు గీతలొస్తాయి’ అని మాత్రం చెప్పదు. అది తేల్చాల్సింది మీటర్లు పట్టుకుని తిరిగే ఇంజినీర్లు.

అర్జీలో ఇవన్నీ దాచకుండా రాశాం. రెండు మ్యాపులూ పక్కపక్కన పెట్టాం. చెట్ల సంగతి, పై ఊళ్లో సగానికి అందకపోవచ్చన్న సంగతి కూడా రాశాం. మూడు ఊళ్లవాళ్లూ సంతకాలు, వేలిముద్రలు వేశారు. మొదటి సంతకం నాన్నది, రెండోది మావయ్యది. గట్టు తగువు తీరిందని కాదు, అది ఇంకా అలాగే ఉంది. మాటలు మాత్రం కలిశాయి.

టవర్ ఇంకా రాలేదు. ఈ వ్యాసం పంపడానికి కూడా సిగ్నల్ బండే ఎక్కాను. అమ్మ అప్పుడప్పుడూ పైకప్పు వైపు చూసి నిట్టూరుస్తుంది. మొన్న పిన్ని మళ్లీ అడిగింది, ఎక్కడ పెడితే మోగుద్దిరా అని. ఈసారి ఆగకుండా చెప్పా: “మెట్ట మీద పెడితే పిన్నీ. అప్పటికీ నువ్వు చింతచెట్టుదాకా రావాల్సొస్తుందేమో.”

“యాబై అడుగులే కదా” అంది పిన్ని.