బాలికల బాస్కెట్‌బాల్ జట్టు – శిక్షక వర్గము

బాస్కెట్‌బాల్ పందెము చూడబోయిన వారి చూపు బంతి వెంట పరుగెత్తుట సహజము. ఈ ప్రక్క ఐదుగురు బాలికలు, ఆ ప్రక్క ఐదుగురు, నడుమ ఒక బంతి – మనకు కనిపించు ఆట యింతే. గీత కావల, స్కోరు వ్రాయువారి బల్లకు సమీపమున, కుర్చీ అంచున కూర్చున్న ఒకరిద్దరు పెద్దలను మనము గమనింపము. వారు బంతిని ముట్టరు. అయినను ఎవరు ఆడవలెనో, ఎవరు విశ్రమింపవలెనో, ఎప్పుడు ఆట నాపి ఒక్క నిమిషము మాటలాడుకొనవలెనో వారే నిర్ణయింతురు. వారినే శిక్షక వర్గమనుచున్నారు. కళాశాలలో చదువుకొను ఆడపిల్లల జట్టుకు అట్టి వర్గ మేల కావలెను? అందులో నెవరెవ రుందురు? ఎవరి పని యేది? మన మైదుకూరు వంటి ఊళ్లలో అది యే రూపమున సాధ్యమగును? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకుట యీ ప్రసంగము యొక్క ఉద్దేశము.

మొదట ఆట పుట్టుకను గూర్చి కొంచెము తెలిసికొందము. 1891 డిసెంబరులో, అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమున, స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణమందలి వై.ఎం.సి.ఎ. శిక్షణ పాఠశాలలో ఉపాధ్యాయుడైన జేమ్స్ నైస్మిత్ ఈ ఆటను కల్పించెను. చలికాలమున విద్యార్థులు చావడిలోనే ఆడుకొనుటకు వీలుగా పీచి పండ్ల బుట్టలు రెండింటిని పదియడుగుల యెత్తున తగిలించెను. ఆ యెత్తు నేటికిని మారలేదు. మరుసటి యేడే, అనగా 1892లో, చేరువనున్న స్మిత్ మహిళా కళాశాలలో సెండా బెరెన్సన్ అను వ్యాయామోపాధ్యాయిని దీనిని తన విద్యార్థినులకు నేర్పెను. ఆడపిల్లలు ఇంతగా పరుగెత్తిన అలసి పడిపోదురేమోయని ఆనాటి పెద్దల భయము. అందుచే నామె ఆటస్థలమును మూడు భాగములుగ విభజించి, ఎవరి భాగమును వారు దాటరాదనియు, ఒకరి చేతిలోని బంతిని మరియొకరు లాగుకొనరాదనియు నియమములు చేసెను. 1896 ఏప్రిల్‌లో స్టాన్‌ఫర్డ్, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయముల విద్యార్థినులు పోటీపడిరి. స్త్రీల జట్ల మధ్య జరిగిన తొలి అంతర్ విశ్వవిద్యాలయ పందెమది. స్టాన్‌ఫర్డ్ 2–1తో గెలిచెను. ఆ పందెము చూచుటకు పురుషులకు ప్రవేశము లేకుండెను.

ఇందు మనము గమనింపవలసినది యొకటి కలదు. బెరెన్సన్ కాలమున శిక్షక వర్గమనగా ఒక్క స్త్రీ. ఆట నేర్పుటయు, నియమములు చేయుటయు, పిల్లల ఆరోగ్యమును కనిపెట్టుటయు, వారి తల్లిదండ్రులకు ధైర్యము చెప్పుటయు ఆమె పనులే. ఆ పనులలో ఏదియు నేటికిని తగ్గలేదు. వానిని పంచుకొను చేతులు మాత్రము పెరిగినవి.

ఈ విద్య మన దేశమునకు వచ్చిన త్రోవయు ఆసక్తికరమైనదే. ఆ స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే చదువుకొన్న హ్యారీ క్రో బక్ 1920లో మద్రాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాలను స్థాపించెను. 1953 వరకు మన రాయలసీమ మద్రాసు రాష్ట్రములోనిదే గదా! వ్యాయామ విద్యయందు చెన్నపట్టణమే మనకు పెద్దబడి. అఖిల భారత బాస్కెట్‌బాల్ సమాఖ్య 1950లో ఏర్పడెను. శిక్షకులకే శిక్షణ నిచ్చు జాతీయ క్రీడా సంస్థ 1961లో పటియాలాలో ప్రారంభమయ్యెను. ఒలింపిక్ క్రీడలలో పురుషుల బాస్కెట్‌బాల్ 1936లో, స్త్రీల బాస్కెట్‌బాల్ 1976లో ప్రవేశించెను. ఈ రెండింటి నడుమ నలుబది యేండ్ల యెడమున్నది.

ఇక శిక్షక వర్గములో నెవరెవ రుందురో చూతము.

మొదటివారు ప్రధాన శిక్షకులు. పండ్రెండుగురు క్రీడాకారిణులలో ఏ ఐదుగురితో ఆట మొదలు పెట్టవలెనో నిర్ణయించుట వీరి బాధ్యత. అంతర్జాతీయ నియమముల ప్రకారము ఆటకు కనీసము 40 నిమిషములు ముందుగ జట్టు పేర్ల జాబితాను ఇయ్యవలెను. పది నిమిషములు ముందుగ మొదటి ఐదుగురి పేర్లను ఖాయపరచి సంతకము చేయవలెను. ఆట పది నిమిషముల చొప్పున నాలుగు క్వార్టర్లు. బంతి చేతికి వచ్చిన 24 సెకండ్లలో బుట్ట వైపు వేసి తీరవలెను. మొదటి సగములో రెండు, రెండవ సగములో మూడు టైం అవుట్లు దొరకును. ఒక్కొక్కటి యొక నిమిషము. ఐదు ఫౌళ్లు చేసిన క్రీడాకారిణి ఆటనుండి వైదొలగవలెను. కావున ప్రధాన శిక్షకుల చేతిలో ఎప్పుడును రెండు లెక్కలు నడచుచుండును: మిగిలిన టైం అవుట్లెన్ని, ఎవరి ఫౌళ్లెన్ని. మూడు ఫౌళ్లు పడిన మంచి క్రీడాకారిణిని రెండవ క్వార్టరులో కూర్చుండబెట్టుట పిరికితనమువలె తోచవచ్చును. చివరి క్వార్టరులో నామె కావలసియుండునని తెలిసినవారికి అది పొదుపు.

రెండవవారు సహాయ శిక్షకులు. నియమముల ప్రకారము ప్రధాన శిక్షకులుగాని, మొదటి సహాయ శిక్షకులుగాని – ఇరువురిలో ఒకరు మాత్రమే – ఆట జరుగునపుడు నిలుచుండవచ్చును. టైం అవుట్ కోరు హక్కును ఈ యిరువురికే కలదు. సహాయకుల పనులను సాధారణముగ విభజింతురు: ఒకరు దాడి పద్ధతులను, ఒకరు రక్షణ పద్ధతులను, ఒకరు ఎదిరి జట్టు అలవాట్లను పరిశీలింతురు. ఎత్తరులైన పిల్లలకు రింగు క్రింద ఆడు విధమును ఒకరు, బంతిని నడిపించు పిల్లలకు డ్రిబ్లింగును, పాసులను మరొకరు నేర్పుదురు.

మూడవవారు శరీర పాటవమును చూచువారు. స్త్రీల విషయమున వీరి అవసరము విశేషము. ఎగిరి దిగునపుడును, పరుగులో ఒక్కసారిగ మలుపు తిరుగునపుడును మోకాలి లోపలి బంధనము తెగు ప్రమాదము ఈ ఆటలో పురుషులకంటె స్త్రీలకు రెండు మూడు రెట్లు హెచ్చని వైద్య పరిశీలనలు తెలుపుచున్నవి. తెగినచో శస్త్రచికిత్స, ఆ పిదప అనేక మాసముల విశ్రాంతి తప్పవు. మోకాళ్లు వంచి మెత్తగ దిగుట, మోకాళ్లు లోపలికి ఒరగకుండ చూచుకొనుట, తొడల వెనుకటి కండరములకు బలమిచ్చుట – వీనిని ఆటకు ముందు ప్రతి దినమును పదునైదు నిమిషములు సాధన చేయించినచో ఆ ప్రమాదము చాల వరకు తగ్గును. దీనికి ఖరీదైన పరికరములు అక్కరలేదు, నేర్పువారు కావలెను.

ఇంకను గాయములకు చికిత్స చేయు ఫిజియోథెరపిస్టు, లెక్కలు వ్రాసి విశ్లేషించువారు, దుస్తులు, ప్రయాణములు, భోజనములు చూచు మేనేజరు ఉందురు. అమెరికా విశ్వవిద్యాలయముల ప్రథమ శ్రేణి మహిళా జట్లలో పూర్వము ప్రధాన శిక్షకులకు ముగ్గురు సహాయకులే అనుమతింపబడిరి. 2023 నుండి ఐదుగురిని నియమించుకొనుటకు వీలు కలిగెను.

ఇంతమంది యున్న జట్టు మనకెక్కడి సాధ్యమని శ్రోతలు అనుకొనవచ్చును. అట్టివారికి టెనెసీ విశ్వవిద్యాలయపు ప్యాట్ సమిట్ కథ చెప్పవలెను. ఆమె 1974లో, ఇరువదిరెండేండ్ల ప్రాయమున, అచ్చటి మహిళా జట్టు బాధ్యత స్వీకరించెను. నెలకు రమారమి 250 డాలర్ల జీతము. జట్టు బండిని తానే నడిపెను. ఆటగత్తెల దుస్తులను తానే ఉతికెను. విద్యాసంస్థలలో స్త్రీపురుష భేదము చూపరాదను చట్టము అమెరికాలో 1972లో వచ్చినది. దాని ఫలము కొద్దికొద్దిగ అందగా సహాయకులు చేరిరి. 2012లో విరమించునాటికి ఆమె జట్టు 1,098 పందెములును, ఎనిమిది జాతీయ ఛాంపియన్‌షిప్పులును గెలిచియుండెను.

శిక్షక వర్గమనగా నేమో ఆమె చివరి సంవత్సరమే చక్కగ తెలిపినది. 2011లో ఆమెకు మతిమరపు వ్యాధి, అనగా అల్జైమర్స్, సోకినదని వైద్యులు తేల్చిరి. అయినను మరియొక సంవత్సరము ఆమె జట్టుతోనే యుండెను. సాధన నడిపించుట, పందెములలో నిర్ణయములు తీసికొనుట మొదలగు బరువులో ఎక్కువ భాగమును హోలీ వార్లిక్ తదితర సహాయకులు మోసిరి. ఈ వార్లిక్ ఒకప్పుడు సమిట్ వద్దనే ఆడిన విద్యార్థిని. 1985 నుండి ఆమెకు సహాయ శిక్షకురాలు. 2012లో ఆమె స్థానమును స్వీకరించినదియు నామెయే. సమిట్ 2016లో మరణించెను. పెద్దదిక్కు తడబడిన నాడును జట్టు నడచినదనగా, ఆ నడక అంతకు పూర్వమే నలుగురి కాళ్లకు అలవాటైనదన్నమాట.

ఇప్పుడు మన ఊరికి వత్తము. మైదుకూరు నాలుగు త్రోవల కూడలి. కడప, కర్నూలు, ప్రొద్దుటూరు, బద్వేలు మార్గము లిచ్చట కలియుచున్నవి. ఇటువంటి ఊళ్ల కళాశాలలలో శిక్షక వర్గమనగా సాధారణముగ ఒక్క ఫిజికల్ డైరెక్టరే. ఆయనయే కబడ్డీకి, వాలీబాలుకు, పరుగు పందెములకు, ఆగస్టు పదునైదు కవాతుకును బాధ్యుడు. బాలికల బాస్కెట్‌బాల్‌కు ఆయనకు మిగులు కాలమెంత? పోటీల మెట్లు మాత్రము తక్కువ కావు. కళాశాలల మధ్య పోటీలలో రాణించిన పిల్లలను విశ్వవిద్యాలయ జట్టునకు ఎన్నుకొందురు. 2006లో కడపలో నెలకొన్న యోగి వేమన విశ్వవిద్యాలయము వంటి సంస్థల జట్లు దక్షిణ మండల పోటీలకు, అందు నెగ్గినవారు అఖిల భారత పోటీలకు పోవుదురు. కేరళలో చంగనాచేరి అసంప్షన్ కళాశాలలో చదివిన గీతు అన్నా జోస్ భారత జట్టున ఆడి, 2014లో అర్జున పురస్కార మందెను. తమిళనాటి అనితా పాల్‌దురైకి 2021లో పద్మశ్రీ లభించెను. ఇరువురును రైల్వే ఉద్యోగినులు. ఆట అన్నము పెట్టునా యను ప్రశ్నకు ఇదియొక సమాధానము.

మన పల్లె తల్లి అడుగు ప్రశ్న వేరు: “మా అమ్మికి తోడెవరు?” జట్టు పై ఊరికి పోవునపుడు, రెండు మూడు రాత్రులు వసతిలో నుండవలసినపుడు, ఈ మాటకు సరియైన జవాబు లేనిచో అచ్చటితో ఆ పిల్ల ఆట ముగియును. కావున బాలికల జట్టులో ఒక స్త్రీ సహాయ శిక్షకురాలు తప్పక యుండవలెను. నెలసరి నొప్పిని గూర్చియో, మరొకరి ప్రవర్తనను గూర్చియో పిల్ల సంకోచము లేక చెప్పుకొనగల మనిషి ఆమెయే. 2013 నాటి చట్టమును, 2015 నాటి యు.జి.సి. నిబంధనలును ప్రతి కళాశాలలో ఫిర్యాదుల నాలకించు అంతర్గత సంఘ ముండవలెనని విధించుచున్నవి. ఆ సంఘ సభ్యుల పేర్లు ఆటగత్తెలకు తెలిసియుండుట శిక్షక వర్గము పూచీ.

ఆహారము సంగతి యింకొకటి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో దేశమున నూటికి 57 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 మంది రక్తహీనత కలవారు. మూడవ క్వార్టరులో కాళ్లు లాగనిపిల్ల సోమరిపోతు కాకపోవచ్చును. ఆమె రక్తములో బలము చాలక యుండవచ్చును. ఋతువు మొదటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున రక్తపరీక్ష చేయించుట, వైద్యులు చెప్పిన మాత్రలు వాడించుట, సంగటితో ఆకుకూర, పప్పు, గ్రుడ్డు తినుమనుట, భోజనము కాగానే తేనీరు త్రాగవద్దనుట – ఇవి బంతి వేయుట నేర్పినంత ముఖ్యమైన శిక్షణ. వేసవిలో ఎండ మన సీమలో ఎట్లుండునో చెప్పనక్కరలేదు. సాధన తెల్లవారు జామున గాని, ప్రొద్దుగ్రుంకిన పిదప గాని సాగవలెను; నీళ్లబిందె గీత ప్రక్కనే యుండవలెను.

జీతమిచ్చి ఐదుగురిని తెచ్చు శక్తి మన కళాశాలలకు లేదు. అయినను ఐదు పనులను పంచుటకు మార్గము కలదు. ఫిజికల్ డైరెక్టరు ప్రధాన శిక్షకులుగ నుండవచ్చును. పూర్వము ఆ కళాశాలలో ఆడి ఊరిలోనే యున్న యువతికి గౌరవవేతన మిచ్చి సహాయ శిక్షకురాలిగ నియమింపవచ్చును. గణితము చదువు విద్యార్థిని యొకతె ఎవరు ఎన్ని బంతులు వేసిరి, ఎన్ని పడినవి, ఎన్ని చేజారినవి వ్రాయవచ్చును. నెల తిరుగునప్పటికి ఆ నోటుపుస్తకమే గురువగును. ఆరోగ్య కేంద్రపు నర్సు నెలకొకసారి పిల్లలను చూడవచ్చును. మహిళా అధ్యాపకురాలొకరు ప్రయాణములకు తోడుపోవచ్చును. ‘పదిమందిలో పాము చావదు’ అని సామెత గలదు. కనుక ఎవరి పని వారికి కాగితముపై వ్రాసి యియ్యవలెను. తుదిమాట ప్రధాన శిక్షకులదని అందరును ముందే ఒప్పుకొనవలెను.

ఆ సహాయ శిక్షకురాలి విషయమే కడపట చెప్పదగినది. డిగ్రీ ముగియుటతో, పెండ్లి కుదురుటతో మన బాలికల ఆట సాధారణముగ ఆగిపోవుచున్నది. వ్యాయామ విద్యలో బి.పి.ఎడ్., ఎం.పి.ఎడ్. పట్టములున్నవి; పటియాలా శిక్షక డిప్లొమా యున్నది. ఆడుట మానిన పిల్ల నేర్పుట మొదలు పెట్టినచో, వచ్చు యేట జట్టులో చేరు చెల్లెండ్రకు తోడు దొరకును. బెరెన్సన్ ఒంటరిగ మోసిన బరువును మనవారును ఒంటరిగనే మోయనక్కరలేదు. మీ యింట ఆటయం దాసక్తి గల అమ్మాయి యున్నచో, ఆమె ఆడునా యని మాత్రమే కాక, ముందుముందు నేర్పునా యనియు ఆలోచింపుడు. కళాశాల యాజమాన్యముతో మాటలాడునపుడు బంతులెన్ని కొన్నారని అడుగుటతో పాటు, పిల్లల వెంట ఎవరున్నారని కూడ అడుగుడు.