డిస్మల్: ఒక పదం, దాని ఛాయలు

ఆంగ్లంలో 'డిస్మల్' అనే విశేషణానికి 'విషాదకరమైన' అని అర్థం చెప్పుకొని మనం తృప్తి పడుతుంటాం. ఆ పదం పుట్టుక పరిశీలిస్తే ఆ అర్థం చాలదని తెలుస్తుంది.

లాటిన్‌లో 'దియేస్ మాలి' అంటే చెడ్డ దినాలు. మధ్యయుగపు ఐరోపా పంచాంగాలు నెలకు రెండు చొప్పున ఏడాదికి 24 దినాలను అశుభదినాలుగా పేర్కొనేవి. మన వర్జ్యం, దుర్ముహూర్తం దినంలో కొంత భాగానికే పరిమితం. అక్కడ దినమంతా త్యాజ్యమే. ఆ మాట పాత ఫ్రెంచి మీదుగా ఆంగ్లానికి చేరి 'డిస్మల్' అయింది. అందులోనే 'దినం' ఉన్నదని మరచిన జనులు 'డిస్మల్ డే' అనసాగారు. మనం 'నడిమధ్య' అనడం వంటిదే ఇది! అలా నామవాచకం విశేషణమైంది.

సంస్కృతంలో 'దుర్దినం' కూడా చెడ్డ దినమే. అయితే అమరకోశం దానికి చెప్పిన అర్థం మబ్బులు కమ్మిన దినమని. 'డిస్మల్' నేటి వాడుకకు ఇంతకంటె దగ్గరి మాట మరొకటి కనబడదు. ముసురు పట్టిన ఆకాశం, వెలుతురు చొరని గది, పాడుబడిన వీధి, ఇవన్నీ 'డిస్మల్'. పరీక్షా ఫలితాలకో, జట్టు ఆటతీరుకో అన్వయిస్తే 'మరీ నాసిరకం' అని అర్థం; అక్కడ విషాదం కంటె తిరస్కారమే ఎక్కువ. కన్నతల్లి శోకాన్ని వర్ణించడానికి ఈ పదం తగదు.

తిరస్కారానికి ప్రసిద్ధమైన ఉదాహరణ అర్థశాస్త్రానికి వచ్చిన 'డిస్మల్ సైన్స్' అనే పేరు. మాల్థస్ జనాభా సిద్ధాంతాన్ని చూసి పెట్టిన పేరని పలువురు చెబుతారు. అది సరికాదు. 1849లో థామస్ కార్లైల్ వెస్టిండీస్‌ను గురించిన వ్యాసంలో దీనిని ప్రయోగించాడు. బానిసత్వం నుండి విముక్తులైన నల్లజాతివారిచేత నిర్బంధంగానైనా పని చేయించాలని ఆయన వాదం. ఆ విషయాన్ని గిరాకీ, సరఫరాలకు విడిచిపెట్టాలనే శాస్త్రం ఆయనకు 'డిస్మల్'గా తోచింది. జాన్ స్టూవర్ట్ మిల్ 1850లో ఆ వాదాన్ని ఖండించాడు.

అమెరికాలో వర్జీనియా, నార్త్ కరోలినా రాష్ట్రాల సరిహద్దున 'గ్రేట్ డిస్మల్ స్వాంప్' అనే చిత్తడి అడవి ఉన్నది. తోటల యజమానులు చొరజాలని ఆ నేలలోకి బానిసలు పారిపోయి వచ్చేవారు. నీటి నడుమ మెరక దిబ్బలపై గుడిసెలు వేసుకొని, 1861లో అంతర్యుద్ధం వచ్చే వరకు తరతరాలుగా అక్కడ తలదాచుకొన్నారు.